పథ్యమన నేమి?

మధుమేహమన్నచో మనవారికి తెలిసిన చికిత్స యొక్కటియే. అది "వద్దు" అనుట. అన్నము వద్దు, మామిడిపండు వద్దు, బొబ్బట్టు వద్దు. ఇరువదవయేట నాకీ వ్యాధి వచ్చినది మొదలు, ఈ మాట వినబడని పెండ్లిపందిరిలో నేను కూర్చుండి యెఱుగను. నాది నడివయస్సున మెల్లగా వచ్చునది కాదు. ఒంటిని కాపాడవలసిన శక్తియే, క్లోమములో ఇన్సులినును పుట్టించు కణములను పగవారిగా నెంచి చంపివేయగా వచ్చునది. దీనిని మొదటి రకమందురు. సుశ్రుతసంహిత ప్రమేహమును సహజమనియు, అపథ్యము వలన కలుగునదనియు రెండుగా విభజించి, మొదటి రోగి కృశుడనియు, రెండవవాడు స్థూలుడనియు గుర్తులు చెప్పినది. ఆ సహజమును, నా వ్యాధియు నొక్కటియే యని నేననను. కాని అందఱి రోగము నొకటి కాదని ఆ గ్రంథకర్తకు తెలియును. మన యిండ్లలో నేటికిని తెలియదు. "చిన్నప్పుడు తీపి ఎక్కువ తిన్నాడు గాబోలు" అనుటయే.

1922 జనవరిలో టొరాంటో నగరమున లెనార్డ్ థాంప్సన్ అను 14 ఏండ్ల బాలునకు ఇన్సులిన్ ఎక్కించిరి. అంతవఱకు ఈ వ్యాధి వచ్చిన పిల్లలకు వైద్యులు చేయగలిగినది పస్తులుంచి కొన్నాళ్లు ఆయువు పొడిగించుటయే. నూఱేండ్లు దాటినను మన వంటయిండ్లలో ఆ కాలము గడవలేదు.

నేను పూటపూటకు చేయునది లెక్క. తెలుగు చెప్పుకొను పంతులకు ఈ గణితమేల యని విధిని అడిగి లాభము లేదు. వండిన అన్నము 100 గ్రాములలో పిండిపదార్థము సుమారు 28 గ్రాములుండును. నా యొంటికి 10 గ్రాములకు ఒక యూనిట్ సరిపోవును. మఱియొకరి లెక్క వేఱు, అది వారి వైద్యుడు చెప్పవలసినది. త్వరగా పనిచేయు ఇన్సులిన్ పావుగంటలో మొదలై, గంట రెండు గంటలలో ఉద్ధృతమగును. లోనికి పోయిన మందును వెనుకకు తీయు నుపాయము లేదు. దానికి తగిన తిండి పడవలెను. లేనిచో రక్తములోని చక్కెర పడిపోయి మనిషి స్పృహ తప్పును.

గత శ్రావణమున ఎల్బీ నగరులో మా పెదతండ్రిగారి కోడలు, నాకు వదిన, సత్యనారాయణ వ్రతమునకు పిలిచినది. దిల్‌సుఖ్‌నగరులో మెట్రో ఎక్కి, చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్ దాటి, కడపటి స్టేషనులో దిగి, పన్నెండున్నరకు వారి యిల్లు చేరితిని. విస్తళ్లు వేయుచుండిరి. "వడ్డన అయినట్లే" అనిరి. నేనొక మూల నిలిచి 8 యూనిట్లు పొడుచుకొంటిని. అంతలో ఐదవ కథ ఇంకను మిగిలియున్నదని తెలిసినది. కథ పిదప హారతి, హారతి పిదప తాంబూలములు. ప్రసాదము పుచ్చుకొననిదే భోజనము లేదు. మర్యాదకు వెఱచి నోరు మెదపనైతిని. ఆ తప్పు నాదే. పట్టుపంచె కట్టిన సంబరములో గ్లూకోజు పొట్లము పాత చొక్కా జేబులోనే మఱచి వచ్చితిని. అదియు నా తప్పే.

ఒంటిగంటన్నరకు చేతులు వణకజొచ్చెను. చెమటలు పట్టెను. పురోహితుని మాటలు ఎక్కడనో దూరమున వినబడుచుండెను. పంచామృతమునకై యుంచిన చక్కెర గిన్నెకు చేయి చాచితిని. వదిన చటాలున గిన్నె లాగికొని, "అయ్యో, షుగరు పెట్టుకొని చక్కెర తింటారా!" అనెను. ఆమె ప్రేమలో లోపమేమియు లేదు. ఆ ప్రేమయే నన్ను చంపియుండెడిది.

ఆమె కూతురు, 16 ఏండ్లది, వంటయింటినుండి పరుగున వచ్చి, మూడు చెంచాల చక్కెర నీట కలిపి నా నోటికందించెను. "తాగండి చిన్నాన్నా. పదిహేను నిమిషాలు కదలకండి, మళ్ళీ చూద్దాం." సంచిలోని మీటరుతో తానే చూచెను, 52. పావుగంట పిదప 84.

తెప్పరిల్లిన పిమ్మట ఆ పిల్ల వ్రేళ్ల కొనలను చూచితిని. నా వ్రేళ్లకున్న నల్లని చుక్కలే. వదిన నా చూపు కనిపెట్టి, లోపలి గదిలోనికి పిలిచి, "ఎవరికీ చెప్పకండి. ఆడపిల్ల, రేపు సంబంధాలు రావాలి" అనెను.

రెండేండ్లుగా ఆ పిల్ల స్నానాలగది గడియ వేసికొని పొడుచుకొనుచున్నది. చుట్టాలుండగా తినుట మానును. తినలేదు గనుక మందును మానును. అన్నము మానినను, దినమంతయు ఒంటిలో నుండవలసిన ఇన్సులిన్ మానరాదు. మానిన కొలది దినములలో ప్రాణము మీదికి వచ్చును. మన దేశమున మిల్లీలీటరునకు 40 యూనిట్ల సీసాయు, 100 యూనిట్ల సీసాయు రెండును అమ్ముదురు. ఒకదాని మందును రెండవదాని సిరంజిలోనికి తీసినచో రెండున్నర రెట్లు తేడా. పరిచయస్థులు కనిపెట్టుదురని దూరపు దుకాణములో గుట్టుగా కొనువారు, ఏది యేదో నిలిచి అడుగుదురా?

"వదినా, దాచి పెండ్లి చేసితివే యనుకొందము. మొదటి శ్రావణమున అత్తవారింట వ్రతము ఆలస్యమగును. దీని చేతులు వణకును. అప్పుడు చక్కెర గిన్నె లాగికొనువారే కాని అందించువారెవరు?" అంటిని. ఆమె బదులు చెప్పలేదు.

భోజనమునకు ఆ పిల్ల నా ప్రక్కనే కూర్చుండెను. "ఈ బొబ్బట్టుకు ఎంత వేసుకోవాలి?" అని మెల్లగా అడిగెను. ముప్పది గ్రాములుండవచ్చు నంటిని. "కాదు చిన్నాన్నా, అమ్మ బెల్లం ఎక్కువ వేస్తుంది, నలభై" అని నవ్వి, అలవాటు చొప్పున స్నానాలగది వైపు లేచెను.

నేతిగిన్నెతో వచ్చుచున్న వదిన నిలిచి, "అక్కడ ఉక్కపోత. హాల్లో ఫ్యాను కింద కూర్చుని వేసుకో" అని, ప్రక్క విస్తరికి నెయ్యి వడ్డింపసాగెను.