ధాన్యసీమలో శిశుభోజనము

ద్రాక్షారామము దాటి కోటిపల్లి దిక్కుగా సాగిపోవు వారికి ఇరుప్రక్కల కనిపించునది వరి. ఆ వరికి నీరందించునవి 1852లో పూర్తియైన ధవళేశ్వరపు ఆనకట్ట నుండి వెడలిన కాలువలు. గౌతమికి ఈవలి గట్టున నుండియు, 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన కోనసీమ జిల్లాలో చేరిన కె.గంగవరము మండలమున అన్నమునకు కొరత యన్నచో నమ్మువారుండరు. అట్టి సీమలో పసివారి కడుపు నింపు బాధ్యత యెవరిదో, అందుకు వలయు సొమ్మెవరిదో తెలిసికొనగోరి, ఆ మండలములోని యొక అంగన్‌వాడీ కేంద్రమునకు పోయితిని.

అది యొక పెంకుటింటిలో అద్దెకు దీసికొన్న గది. టీచరుగారు ఒక్కొక్క బిడ్డను తూకమున నిలిపి, బరువును పుస్తకమున వ్రాసి, ఆ లెక్కనే మరల పోషణ్ ట్రాకర్ యాప్‌లో ఎక్కించుచుండిరి. వెనుక వసారాలో ఆయా గుడ్లు ఒలుచుచుండెను. భోజనవేళ నొక చిన్నది గ్రుడ్డులోని తెలుపు తిని, పచ్చసొనను తమ్మునికని గుప్పిట దాచుకొనగా, ఆయా ప్రక్కన చతికిలబడి, అది నోట బెట్టుకొనువరకు లేవలేదు.

ఖర్చుల సంగతి యడిగితిని. “బియ్యం, పప్పు, నూనె, గుడ్లు, పాలు సరుకుగానే వస్తాయండి. కూరలు, గ్యాసు ముందు మేమే పెట్టుకుంటాం. బిల్లు తర్వాత పడుతుందండి” అనిరి టీచరుగారు. తర్వాత ననగా నెప్పుడని ప్రశ్నించితిని. “పడినప్పుడేనండి” అని నవ్విరి. ఇట్లు ముందుగా పెట్టుబడి పెట్టువారి గౌరవవేతనము నెలకు 11,500 రూపాయలు, ఆయాకు 7,000. దానిని పెంచుమనియే రాష్ట్రమందలి అంగన్‌వాడీలు 2023 డిసెంబరు 12 మొదలు 42 దినములు సమ్మె చేసిరి. ప్రభుత్వము వారిపై ఎస్మాను, అనగా అత్యవసర సేవల నిర్వహణ చట్టమును, ప్రయోగించినది.

1975 అక్టోబరు 2న 33 బ్లాకులలో మొదలైన యీ సేవ, 2013 నాటి ఆహారభద్రతా చట్టముచే హక్కుగా మారినది. ఆరునెలల నుండి ఆరేండ్ల వరకు గల శిశువునకు దినమునకు 500 కేలరీలు, 12 నుండి 15 గ్రాముల మాంసకృత్తులు ఈయవలెనని ఆ చట్టము మొదట విధించినది. అందులకు కేంద్రము 2017లో నిర్ణయించిన వ్యయము దినమునకు 8 రూపాయలు. అందు సగము రాష్ట్రము భరింపవలెను. గ్రుడ్డొక్కటే ఆరు రూపాయలు దాటు దినములు గల కాలమున, మిగిలిన దానితో పప్పన్న మెట్లు పెట్టవలెనో లెక్క కట్టిన వారే చెప్పవలెను. పరిమితిని పెంచెదమని 2025 కేంద్ర బడ్జెట్ ప్రసంగమున మాట మాత్ర మిచ్చిరి.

ఇక పంచాయతీ మాట. 73వ రాజ్యాంగ సవరణ చేర్చిన పదునొకండవ షెడ్యూలులోని 29 విషయములలో స్త్రీశిశు సంక్షేమమును, ప్రజాపంపిణీయును ఉన్నవి. కాని 2021-26 కాలమునకైన పదునైదవ ఆర్థికసంఘపు నిధులలో నూటికి అరువది పాళ్లు నీటికి, పారిశుద్ధ్యమునకు కట్టుబడి యుండెను. తక్కిన నలుబది పాళ్లలో జీతములకు చోటు లేకుండెను. ఉన్న నిధులనే విద్యుత్ బకాయిల క్రింద మళ్లించుకొనిరని రాష్ట్రమందలి సర్పంచులు పలుమారులు మొరపెట్టుకొనియున్నారు. “పిల్లలకి ఫ్యాను పెట్టించాలని తీర్మానం రాయగలం గానీ, ఖాతాలో ఉండాలి గదండీ” అనిరి నాకు తారసిల్లిన పంచాయతీ పెద్ద యొకరు.

ఈ కోనసీమ లంకల గన్నవరమున డొక్కా సీతమ్మగారు వేళ యనక వచ్చినవారి కెల్ల అన్నము పెట్టి, 1909లో పరమపదించిరి. బడిభోజన పథకమునకు 2024లో ఆమె పేరు పెట్టుట ఉచితమే. అయితే ఆమె పెట్టినది దానము, ఈ శిశువులకు రావలసినది చట్టబద్ధమైన హక్కు. ఆంధ్రప్రదేశమున ఐదేండ్ల లోపు పిల్లలలో నూటికి 31 మంది వయస్సుకు తగిన యెత్తు లేకున్నారని 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తెల్పినది. పని పంచాయతీ గుమ్మమున, పైకము ఢిల్లీ, అమరావతుల పెట్టెలలో నుండునంతవరకు, ఆ రెంటి నడుమ నున్న అగాధమును టీచరమ్మ చేతిసొమ్ముతో పూడ్చుచునే యుండవలసివచ్చును. ధరల ననుసరించి దినవ్యయము పెరుగవలెను; బిల్లు నెలలోగా చేరవలెను; పంచాయతీకి స్వేచ్ఛగా వ్యయింప నిధి యుండవలెను. గ్రామసభకు పోవు పాఠకులారా, రోడ్డును గూర్చియు కాలువను గూర్చియు అడుగునప్పుడు, మీ యూరి అంగన్‌వాడీకి బిల్లు వచ్చినదాయని కూడ నొక్కమా రడుగుడు.