ఎఫ్రాయిము గోత్రం: చేబ్రోలు దారి లేఖలు

విజయవాడ నుంచి బాలానగర్ ఇంటికి
గురువారం

ఇశ్రాయేలీయుల పన్నెండు తెగలను తెలుగు బైబిలు పన్నెండు గోత్రాలంటుంది. హీబ్రూలో ఆ మాట షేవెట్. దానికి చేతికర్ర అనే అర్థమూ ఉంది. పెద్ద చేతిలోని కర్ర పేరే తెగకూ వాడుకయింది. గోత్రం అనేసరికి తెలుగు చెవికి ఇంకో సంగతి తగులుతుంది. గుడిలో అర్చన చేయించేవారిని పూజారి ముందు అడిగేది గోత్రమే. గుడి గడప తొక్కనివ్వని రోజుల్లో మాదిగపల్లెకు ఆ ప్రశ్న ఎదురే కాలేదు. గుంటూరు జిల్లాలో చేబ్రోలును ఆనుకొని ఉన్న కొత్తరెడ్డిపాలెంలో కొన్ని మాదిగ కుటుంబాలు ఇప్పుడు తమది ఎఫ్రాయిము గోత్రమంటున్నాయి. పన్నెండింటిలో ఆ ఒక్కటే ఎందుకన్నది తేలాలంటే పాత కథంతా తిరగెయ్యాలి.

లెక్కలోనే చిన్న తిరకాసుంది. ఈ తెగల మూలపురుషుడు యాకోబుకు కొడుకులు పన్నెండుమంది. లేవి సంతతి దేవుడి సేవకు పోవడంతో వాళ్లకు భూమిలో వాటా లేకపోయింది. ఆ లోటును యోసేపు పేరిట ఒక్క గోత్రానికి బదులు అతని కొడుకులు మనష్షే, ఎఫ్రాయిము చెరో గోత్రమై పూడ్చారు. చూపు మందగించిన యాకోబు ఈ మనవళ్లను దీవించే ఘట్టం ఆదికాండం 48వ అధ్యాయంలో ఉంది. పెద్దవాడు తాత కుడిచేతికి, చిన్నవాడు ఎడమచేతికి అందేలా యోసేపు పిల్లల్ని నిలబెడతాడు. ముసలాయన చేతులు రెండూ అడ్డంగా మార్చి కుడిచెయ్యి చిన్నవాడైన ఎఫ్రాయిము తల మీద పెడతాడు. పొరపాటనుకొని యోసేపు ఆ చెయ్యి పట్టుకొని తీయబోతాడు. తెలిసే పెట్టానంటాడు తాత.

ఇశ్రాయేలీయుల దేశం చిన్నది. ఉత్తరాన దాను నుంచి దక్షిణాన బెయేర్షెబా దాకా సుమారు 240 కి.మీ. బాలానగర్ నుంచి విజయవాడకు అంతకంటే ఎక్కువ దూరం. నడిమి కొండలు ఎఫ్రాయిముకు దక్కాయి. మోషే తర్వాత జనాన్ని నడిపించిన యెహోషువ ఈ గోత్రంవాడే. దేవుడి మందసాన్ని ఉంచిన షిలోహు కూడా వీళ్ల నేల మీదే.

రాజులింకా రాని ఆ కాలపు కథ ఒకటి న్యాయాధిపతుల గ్రంథంలో ఉంది. యొర్దాను అవతలి గిలాదువాళ్లకూ ఎఫ్రాయిమువాళ్లకూ యుద్ధం వచ్చింది. ఓడినవాళ్లు ఏటి రేవుల దగ్గరికి పారిపోయి వస్తే, గిలాదువాళ్లు అడ్డగించి ఒక్కొక్కరి చేతా ‘షిబ్బోలెతు’ అనిపించారు. ఆ మాటకు కంకి అని అర్థం. ఎఫ్రాయిమువాడి నాలుకకు ‘ష’ తిరగదు, ‘సిబ్బోలెతు’ అంటాడు. అన్నవాణ్ని అన్నచోటే చంపారు. చచ్చినవారు 42,000 మందని గ్రంథం లెక్క. శ, ష, స మూడింటినీ ఒక్కలా పలికినందుకు తెలుగు బడుల్లో నవ్వులపాలైన పిల్లలు ఎక్కువగా ఏ వాడల నుంచి వచ్చారో తెలిసినవారికి ఈ కథ పరాయిది కాదు.

గుంటూరు నుంచి
శుక్రవారం

మొదటి రాజు సౌలుది బెన్యామీను గోత్రం. తర్వాతి దావీదు, అతని కొడుకు సొలొమోను యూదా గోత్రంవారు. రాజు కావాలని జనం పట్టుబట్టినప్పుడే, మీ కొడుకుల్ని రథాల ముందు పరిగెత్తిస్తాడనీ, మీ కూతుళ్లను వంటలకు పెట్టుకుంటాడనీ, పంటలో పదోవంతు లాక్కుంటాడనీ ప్రవక్త సమూయేలు హెచ్చరించాడు. సొలొమోను ఏలుబడికి అదంతా నిజమైంది. మందిరానికీ కోటలకూ జనం చేసిన చాకిరీని తెలుగు బైబిలు వెట్టిపని అనే రాసింది. తెలంగాణలో ఆ మాట బరువు వేరు.

యోసేపు సంతతి చేసే ఆ పని మీద సొలొమోను యరొబామనే ఎఫ్రాయిమువాణ్ని పెట్టాడు. షిలోహు ప్రవక్త అహీయా దారిలో అతణ్ని ఒంటరిగా కలిసి, కొత్త వస్త్రాన్ని పన్నెండు ముక్కలు చింపి పది అతని చేతిలో పెట్టాడు. క్రీ.పూ. 930 ప్రాంతంలో సొలొమోను పోయాక, బరువు తగ్గించమని జనం షెకెములో కొత్త రాజు రెహబామును అడిగారు. పెద్దల మాట కాదని, తనతో పెరిగిన కుర్రాళ్ల మాట విని అతడు కటువుగా బదులిచ్చాడు. పది గోత్రాలు విడిపోయి ఉత్తరాన ఇశ్రాయేలు రాజ్యమయ్యాయి. దక్షిణాన యెరూషలేముతో యూదా రాజ్యం మిగిలింది. జనం యెరూషలేము గుడికి పోకుండా యరొబాము దానులో ఒకటి, బేతేలులో ఒకటి బంగారు దూడలు నిలిపాడు. యెరూషలేముకు బేతేలు ఎంతో దూరం లేదు, బాలానగర్ నుంచి చార్మినార్‌కు పోయినంతే.

దక్షిణాన దావీదు వంశమే నిలబడింది. ఉత్తరాన రెండు వందల ఏళ్లలో 19 మంది రాజులు. వారిలో పలువురు ముందున్నవాణ్ని చంపి గద్దెక్కినవారే. సొలొమోను వైభవం ఎంత అన్నదానిపై పురావస్తు పండితులకు ఇంకా పేచీ ఉంది. తర్వాతి రాజులకు మాత్రం బయటి సాక్ష్యం దొరుకుతుంది. ఉత్తర రాజ్యపు రాజు అహాబు 2,000 రథాలతో తనను ఎదిరించాడని అష్షూరు రాజు మూడవ షల్మనేసెరు క్రీ.పూ. 853 నాటి యుద్ధం గురించి చెక్కించాడు. దావీదు వంశం ప్రస్తావన ఉన్న రాతి ముక్క 1993లో తెల్ దాను తవ్వకాల్లో బయటపడింది.

ప్రవక్త అంటే జోస్యగాడనుకోవడం మామూలే గాని, ఈ ప్రవక్తల అసలు పని రాజు ముఖం మీద మాట అనడం. అహాబు కన్ను కోట పక్కనున్న నాబోతు ద్రాక్షతోట మీద పడింది. తాతల నాటి నేల ఇవ్వనన్నాడు నాబోతు. రాణి యెజెబెలు దొంగసాక్షులను పెట్టించి అతణ్ని రాళ్లతో కొట్టించింది. తోట స్వాధీనం చేసుకోవడానికి పోయిన రాజుకు అక్కడే ప్రవక్త ఏలీయా ఎదురయ్యాడు. దక్షిణాన తెకోవ ఊరి కాపరి ఆమోసు ఉత్తరాన బేతేలుకు పోయి, బీదలను చెప్పుల జోడుకు అమ్ముకుంటున్నారని దులిపేశాడు. మీ దేశం పోయి బతకమన్నాడు అక్కడి యాజకుడు. ప్రవక్త హోషేయ ఉత్తర రాజ్యాన్నంతా ఎఫ్రాయిమనే పిలుస్తాడు, తప్పిపోయిన బిడ్డను పిలిచినట్టు.

క్రీ.పూ. 722 ప్రాంతంలో ఆ రాజ్యం అష్షూరు చేతికి చిక్కింది. 27,290 మందిని పట్టుకుపోయానని అష్షూరు రాజు సర్గోను శాసనం. వాళ్లను హాలహు, హాబోరు, మాదీయుల ఊళ్లలో దింపారని రాజుల గ్రంథం చెప్పి ఊరుకుంటుంది. యూదావాళ్లూ తర్వాత బబులోను చెరకు పోయారు గాని తిరిగొచ్చారు. గ్రంథాలను కూర్చి నిలిపింది వాళ్లే. అందుకే ఉత్తరంవాళ్ల కథ కూడా చాలామటుకు దక్షిణంవాళ్ల నోటి మాటే.

చేబ్రోలు నుంచి
ఆదివారం

చేబ్రోలు శాసనాల ఊరు. శాతవాహన రాజు విజయుడి కాలపు, క్రీ.శ. 207 నాటి సంస్కృత శాసనం ఇక్కడే దొరికింది. అయితే శాసనాలు వేయించినవారి సంగతే చెబుతాయి. ఊరి చివర తోలు పని చేసినవారి పుట్టుక చెప్పడానికి మాదిగలకు డక్కలివారు పాడే జాంబ పురాణం ఉండేది. ఆ తర్వాత బైబిలు వచ్చింది. 1878 జూలై 3న ఒంగోలు బాప్టిస్టు మిషను ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మమిచ్చింది. వారిలో ఎక్కువమంది మాదిగలే.

కొత్తరెడ్డిపాలెంలో షమ్వేలు యాకోబి, సాదోకు యాకోబి సోదరులు ఇంకో అడుగు వేశారు. క్రైస్తవ బోధకుడిగా ఉన్న షమ్వేలు 1980ల్లో యెరూషలేము చూసి వచ్చాడు. 1991లో ఊళ్లో యూదు సమాజమందిరం వెలిసింది. బెనే ఎఫ్రాయిము, అంటే ఎఫ్రాయిము బిడ్డలు, అన్న పేరు స్థిరపడింది. వీరిలో చాలామంది వ్యవసాయ కూలీలు. శుక్రవారం సాయంత్రం దీపాలు వెలిగించి విశ్రాంతిదినం మొదలుపెడతారు. శనివారం చేనుకు పోకపోతే ఆ రోజు కూలి పోయినట్టే. వ్రతం సంపన్నులకు తేలిక.

చెరకు పోయినవారు తిరిగి తిరిగి దక్షిణానికి చేరారనీ, గొడ్డుమాంసం తినడం, శవాలను పూడ్చడం ఆ పాత ఆచారాల మిగులేననీ వీరి వాదన. తెలుగుకూ హీబ్రూకూ పోలికలున్నాయని షమ్వేలు పుస్తకమే రాశాడు. భాషాశాస్త్రం ఒప్పదు: తెలుగు ద్రావిడం, హీబ్రూ సెమిటిక్. వలసకు శాసనమో పత్రమో లేదు. ఊరి బయట ఉంచినవారి వంశవృక్షం ఎవరు రాసిపెట్టారు గనుక? ఆచూకీ లేకుండా పోయిన గోత్రంలోనే ఆచూకీ రాయనివారికి చోటు దొరికింది. తాత కుడిచెయ్యి చిన్నవాడి తల మీద పడిన గోత్రం కూడా అదే. యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ 2013లో వీరిపై వెలువరించిన పరిశోధన గ్రంథం సైతం దీన్ని వంశం ప్రశ్నగా కాక కులం, మతం కలిసిన ప్రశ్నగానే చూసింది.

గుర్తింపు సంగతి ఎటూ తేలలేదు. మిజోరాం, మణిపూర్‌ల బెనే మెనష్షేలను ఇశ్రాయేలు సంతతిగా నేటి ఇజ్రాయెల్ దేశపు ప్రధాన మతగురువు (రబ్బీ) 2005లో ఒప్పుకున్నాడు; ఎఫ్రాయిము బిడ్డలకు అలాంటి మాట రాలేదు. ఇక్కడేమో 1950 నాటి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకు, తర్వాత 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు దక్కింది. యూదులకు అందులో చోటు లేదు.

ప్రార్థనల కోసం ఇక్కడివారు హీబ్రూ నేర్చుకుంటారు. ఆ భాషకు 22 అక్షరాలు, ఇరవై ఒకటోది షిన్. మూడు పళ్ల దువ్వెనలా ఉంటుంది. కుడి పంటి మీద చుక్క పెడితే ‘ష’, ఎడమ పంటి మీద పెడితే ‘స’.