ఎల్లారెడ్డి త్రోవలో పెరటికోళ్లు

మన సాహిత్యమున కోడిపుంజునకు గల కీర్తి కోడిపెట్టకు లేదు. పలనాటి పోరునకు కోడిపందెము హేతువైనదని వీరగాథ చెప్పుచున్నది. క్రీడాభిరామమున ఓరుగంటి కోడిపోరు వర్ణింపబడినది. ప్రభాతవర్ణనము చేయు కవి పుంజుకూతను మఱువడు. కాని దినమెల్ల పెరడు గాలించి, దొరికినదానితో కడుపు నింపుకొని, ఇంటికి గ్రుడ్డు నిచ్చు పెట్టను ప్రస్తుతించిన కవి మేము చదివినంతలో కానరాడు. పల్లెటూరి యిల్లాలి కొంగుముడిలోని నాలుగు రూపాయలకు మూలము పుంజు గాదు, పెట్టయే. కావుననే ఈ వేసవి సెలవులలో మేము కామారెడ్డినుండి ఎల్లారెడ్డికి పోయి వచ్చినపుడు కన్నవియు విన్నవియు సోదరీమణులకు విన్నవింపదలచితిమి.

కామారెడ్డి సికింద్రాబాదునుండి మన్మాడునకు పోవు రైలుమార్గముమీది పట్టణము. బెల్లపు వ్యాపారమునకు పేరు పొందినది. 2016 అక్టోబరు 11వ తేదీన నిజామాబాదు జిల్లానుండి వేరుపడి, తన పేరనే యొక జిల్లాకు ముఖ్యస్థలమైనది. అచ్చటినుండి బస్సు లింగంపేటమీదుగా ఎల్లారెడ్డికి పోవును. పట్టణము విడిచిన పిదప బోరుబావుల నీటితో పండు మక్కచేలు కనబడెను. కోత యైన చేలు బోడిగా నుండెను. రోడ్డు ప్రక్కన మక్కలు ఎండబోసియుండిరి. లింగంపేటలో చూడదగిన పాత మెట్లబావి యొకటి కలదు. ఎల్లారెడ్డి సమీపించునప్పటికి నేలతీరు మాఱినది. 1922 నాటికి పూర్తియైన పోచారము జలాశయపు కాలువలు ఆ ప్రాంతపు మాగాణిని తడుపుచున్నవి. మంజీరానదిపై 1923లో మొదలిడి 1931లో ముగించిన నిజాంసాగరమును అచ్చటికి దవ్వు గాదు. ఒక పూట ప్రయాణములోనే మెట్టసీమయు తడిసీమయు రెండును చూడనగును. కోళ్ల మేతనుగూర్చి మాకు తెలిసివచ్చిన సంగతికి ఈ భేదమే మూలము.

లింగంపేటకు ఈవలి యొక పల్లెలో మావారి పూర్వవిద్యార్థి యింట దిగితిమి. ప్రక్కయింటి యవ్వకు తొమ్మిది నాటుపెట్టలు గలవు. ఆ గ్రుడ్ల పైకముతోనే మనుమరాలికి పుస్తకములు కొనును. ఆమె మా ముందర నొక గ్రుడ్డు నుంచినది. దానికి పెంకు లేదు; పైపొర మాత్రమే యుండి, వ్రేలితో నొక్కిన లోనికి పోవుచుండెను.

"కడుపునిండ మక్కలు పెడుతున్న బిడ్డా. అయినా తోలుగుడ్లే పెడుతున్నయి. వచ్చే అంగట్ల అన్నీ అమ్మేస్త" అనినది.

పెట్టలు సన్నగా లేవు; చూచుటకు బలిసియే యున్నవి. మేత చాలక కాదు, మేతలో ఏదియో లోపించి ఇట్లగుచున్నదని తోచినదే కాని, ఆనాడు ఆమెకు తృప్తికరమైన మాట చెప్పలేక బస్సెక్కితిమి.

ఎల్లారెడ్డి చెంత మా బంధువులున్న యూరిలో వేఱొక దృశ్యము. యాసంగి వరి కోసిన మళ్లలో కోళ్లు పరిగె గింజలు నేఱుకొనుచు, కాలువగట్టున నత్తలను పొడుచుచు, పెంటకుప్పలు గీఱి పురుగులను తినుచుండెను. ఆ యింటి పడుచు పెట్టలకు సాయంకాలము పిడికెడేసి నూకలే వేయుచుండెను. అయినను గ్రుడ్లపెంకు గట్టిగా నుండెను. గూటిదగ్గఱ పగిలిన కుండపెంకులో తెల్లని రవ్వ వంటిది కనబడగా, అదేమని యడిగితిమి. ఉడికించి, ఎండబెట్టి దంచిన నత్తగుల్లలును, వేచిన గ్రుడ్డుపెంకులును అని చెప్పి, "కోడి తిన్నదే గుడ్డయితది అక్కా. తినందే పెంకు యాడికెల్లి వస్తది?" అనినది.

ఆ మాటలో శాస్త్రమంతయు నున్నది. నాటుకోడి గ్రుడ్డు సుమారు 40 గ్రాములుండును. అందు పెంకు 4 గ్రాములకు అటునిటు. ఆ పెంకు దాదాపు అంతయు సున్నపుజాతి పదార్థమే. అందలి కాల్షియము ఒకటిన్నర గ్రాము. కాని ఒక కిలో మక్కలలో నైనను ఒక గ్రాము కాల్షియము లేదు! పెట్ట ఆ లోటును తన యెముకలనుండి తీసి కొంతకాలము నెట్టుకొని వచ్చును. అది తఱిగినపుడు తోలుగ్రుడ్డు పెట్టును, లేదా పెట్టుటయే మానును. మాంసకృత్తుల విషయమును ఇట్టిదే. మక్కలును నూకలును ఒంటికి వేడిని, క్రొవ్వును ఇచ్చును గాని, గ్రుడ్డులోని సారమునకు వలసిన మాంసకృత్తులు వానిలో కొఱతయే. తడిసీమలో నత్తలును పురుగులును ఈ రెండు లోట్లను కొంతవఱకు తీర్చుచున్నవి. మెట్టసీమలో వేసవి వచ్చి పురుగు లడుగంటినపుడు, పెట్టకు మక్కలే మిగిలి, కడుపు నిండియు కొఱతయే నిలుచుచున్నది.

కావున బయట తిరుగు పెట్టకు మనము పెట్టు మేత కడుపు నింపుటకు గాదు, పెరటిలో దొరకనిదానిని పూరించుటకు. ముందుగా పెరటిలో నేమి దొరకుచున్నదో చూచుకొనవలయును. 1993లో ప్రకటింపబడిన యొక పరిశోధనలో, సింహళద్వీపపు ఊరకోళ్ల గొంతుక్రింది మేతతిత్తులను విప్పి చూడగా, అందలి మేతలో ఇంచుమించు నూటికి డెబ్బదివంతులు ఇంటిమిగులే యని తేలినది; పురుగుల పాలు పదింట నొకవంతైనను లేదు. అనగా ఊరకోడికి ముఖ్యమైన బీడు మన వంటిల్లే. అన్నపు మెదుకులు దానికి దొరకుచునే యున్నవి. దొరకనివి మాంసకృత్తులును సున్నమును.

చిన్న నాటుపెట్టకు దినమునకు మొత్తము 70, 80 గ్రాముల పొడిమేత వలయును. అందు సగము తిరిగి సంపాదించుకొనిన, మనము 30, 40 గ్రాములు పెట్టిన చాలును. మా పిడికిట పట్టు నూకలను తూచి చూడగా అంతియే యున్నవి. పది పెట్టలకు దినమునకు 350 గ్రాములనుకొందము. మెట్టసీమలో వేసవియందు అందు 200 గ్రాములు మక్కనూకయో బియ్యపునూకయో, 50 తవుడు, తక్కిన 100 పల్లిచెక్కయో వేచిన సోయాగింజల పొడియో కలుపదగును. సోయాను పచ్చిగా పెట్టరాదు. మాంసకృత్తులు జీర్ణము గాకుండ నడ్డుకొను గుణము పచ్చిగింజలో నున్నది, వేడిచే నది నశించును. పల్లిచెక్క కొనలేని యింట పాతకుండలో ఎండుపేడయు గడ్డియు కూరి తడిపి చెదలున్న తావున బోర్లించిన, ఒకటి రెండు దినములలో చెదలు చేరును. కోళ్ల కవి పరమాన్నము. మునగాకు, తోటకూర తఱిగి వేయుటయు మేలు. మాగాణిలో నత్తలును పురుగులును సమృద్ధిగా నున్న కాలమున చెక్కను తగ్గింపవచ్చును.

సున్నపురవ్వను మేతలో కలుపక వేఱుగా నుంచవలయును. గ్రుడ్లు పెట్టునది తనకు కావలసినంత తినును. పుంజునకును పిల్లలకును అంత యక్కఱలేదు. గ్రుడ్డుపెంకులను వేచి మెత్తగా దంచనిదే వేయరాదు. లేకున్న పెట్టలు గ్రుడ్లను పొడిచి తినుట మరగును.

మేతకు సాయంకాలమే తగిన వేళ. ఉదయము పెట్టిన కోడి వాకిలి విడువదు. ప్రొద్దుగ్రుంకునపుడు పెట్టిన, దినమెల్ల తిరిగి సంపాదించును, వేళకు గూడు చేరును, ఎన్ని వచ్చినవో మనకు లెక్కయు తెలియును. మఱియు పెంకు కట్టుట ఎక్కువగా రాత్రివేళ జరుగును గనుక, ఆ పూట తిన్న సున్నము సూటిగా గ్రుడ్డునకు పోవును. నీటిని మఱువరాదు. గ్రుడ్డులోని పదార్థములో నాలుగింట మూడువంతులు నీరే.

పెట్టరానివియు గలవు. బూజుపట్టిన మక్కలును చెక్కయు కోళ్లకు విషము. 1960లో ఇంగ్లండున లక్షకు పైగా టర్కీకోళ్లు బూజుపట్టిన వేరుసెనగపిండి తిని చచ్చినపుడే ఈ విషమునుగూర్చి లోకమునకు తెలిసినది. మందుపట్టించి రంగువేసిన విత్తనపుగింజలును, ఉప్పు మిక్కిలిగా గల యూరగాయ మిగులును కోళ్లకు అందనీయరాదు. రాణిఖేత్ తెగులునకు టీకా వేయింపక ఎంత మేత పెట్టినను ఒక్క రాత్రిలో గూడు ఖాళీ యగును.

రాజేంద్రనగరములోని కోళ్ల పరిశోధనసంస్థ రూపొందించిన వనరాజ, గ్రామప్రియ యను జాతులు పల్లెలలో వ్యాపించినవి. నాటుపెట్ట ఏడాదికి 50, 60 గ్రుడ్లు పెట్టగా, గ్రామప్రియ 150కి పైగా పెట్టగలదు. కాని ఎక్కువ పెట్టుదానికి ఎక్కువ పూరకము వలయును. నాటుకోడికి వేసినంతయే వేసి, ఇది పెట్టుటలేదని దూఱుట న్యాయము గాదు.

తిరుగుప్రయాణమున ఎల్లారెడ్డి పడుచు ఇచ్చిన నత్తరవ్వ మూటతో అవ్వయింటికి పోయితిమి. అప్పటికే రెండు పెట్టలు అంగడి కెక్కినవి. మక్కలు సగము తగ్గించి పల్లిచెక్క కలుపుమనియు, రవ్వను వేఱుగా నుంచుమనియు చెప్పితిమి. పదునైదు దినములకు మనుమరాలు ఫోనుచేసి, తోలుగ్రుడ్లు ఆగినవనియు, తక్కిన యేడింటిని అవ్వ అమ్మదలచుకొనలేదనియు తెలిపినది.

తుదకు లెక్కమాట. పది పెట్టలకు దినమునకు 350 గ్రాములన్న నెలకు పదిన్నర కిలోలు. మీ యూరి ధరకు దాని వెల యెంతయో, ఆ వెలకు ఎన్ని గ్రుడ్లు సరిపోవునో ముందు చూచుకొనుడు. పొదుగుచున్న పెట్టను విడిచి తక్కినవాని గ్రుడ్లను గోడమీద సున్నపుబొట్లతో గుర్తింపుడు. వెలకు మించి గ్రుడ్లు పెరిగిన ఆ మేత నిలుపుడు. పెరుగనిచో ఇంకను పెట్టుట మాని, లోపించిన దేమో వెదకుడు. గ్రుడ్ల పైకము చాల యిండ్లలో స్త్రీ చేతిది. దాని లెక్కయు ఆమె చేతనే యుండుట మేలు. అమ్మగా మిగిలిన గ్రుడ్డు ఇంటి పసివాని కంచములో పడిన, అదియు ఆ లెక్కలో లాభమనియే వ్రాసికొనుడు.