లెక్కకు రాని గంటలు

ఇదివరలో ఈ పత్రికలో కంప్రెసర్లను గూర్చి, బేరింగుల ఆయుర్దాయాన్ని గూర్చి వ్రాసిన మేము ఈ పర్యాయం ఊలుబంతిని గూర్చి వ్రాయడం చూచి సహోద్యోగ మిత్రులు నవ్వుకోవచ్చు. ఏభైయారేళ్ళ వయస్సులో అల్లికసూదులు చేతబట్టిన ఇంజనీరును చూచి మా శ్రీమతియే మొదట నవ్వింది. ఆ నవ్వులు ముగిసిన పిదప మా మనస్సులో మిగిలిన సంగతి ఒకటి కలదు. దానిని పాఠకులతో పంచుకోవలెననే ఈ ప్రయత్నం.

మేము బదిలీపై కోల్‌కతా వచ్చి ఆరేళ్ళయింది. ఇక్కడి చలి గొప్ప చలి కాదు. జనవరిలో ఉష్ణోగ్రత పన్నెండు, పదమూడు డిగ్రీలకు దిగితే అదే ఎక్కువ. అయినా దుర్గాపూజలు ముగిసి చల్లగాలి సోకగానే నగరం ఊలు ధరిస్తుంది. పసిబిడ్డ మొదలు తాతగారి వరకు చెవులు కప్పే మంకీ టోపీలు ప్రత్యక్షమవుతాయి. ఒకప్పుడు వెల్లింగ్టన్ స్క్వేరుగా పేరొందిన సుబోధ్ మల్లిక్ స్క్వేరు వద్ద కొండప్రాంతాల వర్తకులు ఉన్నిదుస్తుల అంగళ్ళు తెరుస్తారు. మధ్యాహ్నపు ఎండలో డాబాపై కూర్చుండి అల్లుకొనే స్త్రీలు ఇప్పటికీ అక్కడక్కడ కనిపిస్తారు.

మా ఎదుటి క్వార్టరులోని విశ్రాంత ఉపాధ్యాయిని అటువంటివారే. అందరివలె మేమూ ఆమెను మాశీమా అని పిలుస్తాము. మా శ్రీమతికి అల్లిక నేర్పినది ఆమె. బెంగాలీలో తిన్నని కుట్టు ‘సోజా’, తిరుగు కుట్టు ‘ఉల్టో’. ఈ రెండింటి కూర్పుతోనే సమస్త నమూనాలూ పుడతాయని విన్నప్పుడు, సున్న, ఒకటి అనే రెండంకెలతో నడిచే కంప్యూటరు మాకు జ్ఞాపకం వచ్చింది. సూదుల నెంబర్లు మరింత ఆకర్షించాయి. అంకె పెరిగినకొద్దీ సూది సన్నబడుతుంది. ఎనిమిదో నెంబరు 4 మిల్లీమీటర్లు, పదో నెంబరు 3.25. తీగల మందాన్ని తెలిపే ఎస్.డబ్ల్యు.జి. పట్టికలోను ఆ గేజీల కొలతలు దాదాపు ఇవే. ముప్పై ఏళ్ళుగా మేము వాడిన పట్టిక మా శ్రీమతి బుట్టలో దొరికినట్లయింది. మరునాటినుండి మేమూ శిష్యులమయ్యాము.

మా తొలి స్వెట్టరు సమాప్తి మా అజ్ఞానం వల్లనే జరిగింది. శుద్ధమైన ఉన్నిదారంతో నాలుగు నెలలు అల్లినదానిని వేడినీటిలో సబ్బువేసి గట్టిగా పిండాము. బయటికి తీయగా అది ఐదేళ్ళ బాలునికి సరిపోయే పరిమాణానికి వచ్చి, అట్టవలె బిగుసుకొంది. ఉన్నిపోగు మీద చేపపొలుసుల వంటి సూక్ష్మమైన పొలుసులుంటాయి. వేడి, తేమ, రాపిడి కలిసినప్పుడు అవి ఒకదానిలో ఒకటి చిక్కుకొని తిరిగి విడిపోవు. కశ్మీరులో నమ్దా పరుపులను ఈ సూత్రంతోనే తయారుచేస్తారు. మాశీమా ఆ స్వెట్టరును కత్తిరించి టీ కప్పుల క్రింద వేసే బిళ్ళలుగా మార్చి ఇచ్చింది. అంచులు ఒక్క పోగైనా ఊడలేదు.

అనంతరం క్రోషే మొదలుపెట్టాము. అప్పుడే మా అమ్మ మంచం దిగి వచ్చి మా ప్రక్కన కూర్చొంది.

అమ్మకు ఎనభై రెండేళ్ళు. చూపు బాగా మందగించింది. మేము అల్లిన ముక్కను వ్రేళ్ళతో తడిమి, “మూడో వరసలో ఒక కన్ను పోయింది చూడరా,” అన్నది. లెక్కించి చూడగా నిజమే. మా స్వగ్రామం పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురం చేరువలోనిది. పందొమ్మిదవ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు అక్కడి స్త్రీలకు నేర్పిన క్రోషే లేసు ఆ ప్రాంతపు ఇంటింటి పని అయింది. కొంగుచాటున దారపు ఉండ, చేతిలో కొక్కెపు సూది లేని అమ్మను మేము బాల్యంలో చూచి ఎరుగము.

సూదులతో అల్లే అల్లికకు ఇంగ్లండులో విలియం లీ 1589లోనే యంత్రం కనిపెట్టాడు. క్రోషే అల్లికను అచ్చంగా అల్లగల యంత్రం మాత్రం నేటికీ కర్మాగారాలకు రాలేదు. అనగా దేశవిదేశాల బల్లలమీద పరచిన ప్రతి క్రోషే లేసు వెనుక ఎవరివో రెండు చేతులున్నాయి. జర్మనీకి చెందిన సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ నరసాపురం లేసు స్త్రీలను గూర్చి 1982లో ఒక గ్రంథం ప్రచురించింది. ప్రపంచ విపణికి సరకు తయారుచేస్తున్న ఈ స్త్రీలను తీరికవేళ అల్లుకొనే గృహిణులుగా భావించడం వల్లనే వారి శ్రమ లెక్కకు రాలేదని ఆమె వాదం. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు లభించింది.

ఆ గ్రంథాన్ని గూర్చి తెలిసిననాడు మాకు నిద్రపట్టలేదు. 1986లో మేము ఇంజనీరింగు కళాశాలలో చేరిన రోజున కట్టిన రుసుము లేసు డబ్బే. నాన్నగారి కౌలుసేద్యం ఆ ఏడు తుఫానుకు పోయింది. అయినా ప్రవేశ దరఖాస్తులో తల్లి వృత్తి అన్నచోట మేము స్వహస్తంతో ‘ఏమీ లేదు’ అని వ్రాశాము. ఉద్యోగంలో చేరినప్పుడు మరల ఆ మాటే వ్రాశాము. వ్రాయమని ఎవరూ బలవంతపెట్టలేదు.

గడియారం ముందుంచుకొని మేము తొమ్మిది అంగుళాల లేసు బిళ్ళ ఒకటి పూర్తిచేశాము. పద్నాలుగు గంటల ఇరవై నిమిషాలు పట్టింది. నీకెంతసేపు పట్టేదని అమ్మను అడిగాము.

“గంటలెవరు లెక్కెట్టారురా? ఏజెంటు ముక్కలే లెక్కెట్టేవోడు,” అన్నది.

కర్మాగారంలో పనిగంటల అంచనా వేయడం మా వృత్తి. ఆ రాత్రి కాగితం తీసుకొన్నాము. వంట, పశువుల పని పోగా రోజుకు ఐదు గంటలు, ఏడాదికి మూడువందల రోజులు, ఇరవై రెండేళ్ళు. మొత్తం 33,000 గంటలు. ఎనిమిది గంటల పనిదినం లెక్కన అది పదమూడేళ్ళ తొమ్మిది నెలల సర్వీసు. ఇంక్రిమెంటు గాని, భవిష్యనిధి గాని, పింఛను గాని లేని సర్వీసు. కాగితం చదివి వినిపించగా అమ్మ కొంతసేపు మాట్లాడలేదు. “అంత చేశానా?” అని మాత్రం అన్నది.

గత చలికాలంలో మా కాలనీ మహిళా సమాజం వారు హస్తకళా ప్రదర్శన ఏర్పాటుచేశారు. ‘తీరికవేళల అల్లికలు’ అని బల్లపై అట్ట పెట్టారు. మా ఉన్ని బిళ్ళలకు ఆ పేరు తగినదే. అమ్మ పెట్టె అడుగునుండి తీసిచ్చిన పసుపురంగు తేలిన లేసు గుడ్డను మాత్రం వేరొక బల్లమీద ఉంచవలసిందిగా కోరాము. వారు సంతోషంతో అంగీకరించి, నింపమని చిన్న చీటీ ఇచ్చారు. పేరు, వయస్సు, వృత్తి అని మూడు గళ్ళు ఉన్నాయి.

మూడవ గడిలో ‘లేసు పని, 22 సంవత్సరాలు’ అని వ్రాశాము. అమ్మ చదవలేదు గనుక బిగ్గరగా చదివి వినిపించాము. “ఇరవై రెండు కాదురా, ఇరవై నాలుగు. నువ్వు పుట్టకముందు రెండేళ్ళు వదిలేశావు,” అన్నది.

చీటీ దిద్ది ఇచ్చాము.