పట్టిసీమ ఒడ్డున ఆగిన ప్రయాణం

పట్టిసీమలో ఒక రాత్రి గడపాలని మేము బయలుదేరలేదు. నలుగురు మిత్రులం, ఒక కారు, రెండు గుడారాలు, ఒక చిన్న గ్యాసు పొయ్యి, మూడు రోజుల సెలవు. సాయంత్రానికి రాజమహేంద్రవరం చేరాలి; అక్కడ మాకోసం ఎదురుచూస్తున్న ఐదో మిత్రుణ్ణి ఎక్కించుకుని, రాత్రికల్లా మారేడుమిల్లి అడవి అంచున గుడారాలు వేయాలి. కాగితం మీద ఇది ఎంతో సులువుగా కనిపించింది.

డిసెంబరు నెల. ఫజ్ర్ నమాజు ముగించుకుని హైదరాబాదు నుండి బయలుదేరాము. బండి కదిలే ముందు ప్రయాణపు దుఆ చదువుకున్నాము. ముగ్గురు కలిసి ప్రయాణిస్తే తమలో ఒకరిని నాయకునిగా నియమించుకోవాలని దైవప్రవక్త ముహమ్మద్ (స) ఉపదేశించారు. ఆ ప్రకారం మాలో పెద్దవాడైన ఉపాధ్యాయ మిత్రుణ్ణి అమీర్‌గా ఎన్నుకున్నాము. నిజం చెప్పాలంటే, సున్నత్‌ను పాటించామన్న తృప్తి తప్ప అప్పుడు దానికి మేము మరే ప్రాధాన్యమూ ఇవ్వలేదు. టీ ఎక్కడ తాగాలి, భోజనం ఎక్కడ చేయాలి అన్నంతవరకే ఆయన అధికారం అనుకున్నాము.

సూర్యాపేట దాటి ఖమ్మం దారి పట్టాము. ఖమ్మం, వైరా దాటేసరికి ఎండ ముదిరింది. సత్తుపల్లి పరిసరాలలో సింగరేణి ఉపరితల గనుల బొగ్గు లారీలు రోడ్డును ఆక్రమించాయి. వాటి వెనుక నత్తనడకన సాగడంతో అనుకున్న సమయం కంటే గంటన్నర వెనుకబడ్డాము. దారిలో ఒక మసీదులో జుహ్ర్ నమాజును ఖస్ర్ చేసి, నాలుగు రకాతులకు బదులు రెండు రకాతులు చదువుకున్నాము. తరువాత కడుపునిండా భోంచేసి, పోయిన సమయాన్ని రాబట్టుకోవాలన్న తొందరతో మళ్లీ బండెక్కాము.

అశ్వారావుపేట ప్రాంతంలో రోడ్డుకు ఇరువైపులా ఆయిల్‌పామ్ తోటలు. ఒకే ఎత్తు, ఒకే వరుస, ఒకే నీడ. చూడ్డానికి కనువిందే గాని, స్టీరింగు పట్టుకున్నవాడికి అది జోలపాట వంటిది. ఉదయం నుండి బండి నడుపుతున్న మిత్రుడు మాటలు తగ్గించాడు. కిటికీ అద్దం దించాడు. ముఖం మీద నీళ్లు చల్లుకున్నాడు. పాటల మోత పెంచమన్నాడు. “నిద్ర వస్తోందా?” అని అడిగితే, “లేదు, బాగానే ఉన్నాను” అన్నాడు. మేమూ నమ్మాము. నమ్మడం మాకు కూడా అనుకూలంగానే ఉంది, ఎందుకంటే రాజమహేంద్రవరం త్వరగా చేరాలి.

జీలుగుమిల్లి దాటాక కారు ఎడమ చక్రాలు తారురోడ్డు దిగి కంకరలోకి జారాయి. ఒక్క క్షణం మాత్రమే. కంకర చప్పుడుకు ఉలిక్కిపడి అతడు బండిని మళ్లీ రోడ్డెక్కించాడు. అప్పుడు ఎదురుగా ఏ వాహనమూ రాలేదు. అల్లాహ్ కాపాడాడు. కొన్ని క్షణాల తరువాత ఎవరో నవ్వబోయారు గాని, ఆ నవ్వు గొంతు దాటి రాలేదు.

“బండి ఆపు” అన్నారు అమీర్.

“భాయ్, ఇంకెంత దూరం? కొయ్యలగూడెంలో ఆపుదాం.”

“ఇక్కడే ఆపు. ఇది సలహా కాదు.”

బండి ఒక తోట నీడలో ఆగింది. స్టీరింగు వదిలిన రెండు నిమిషాలలోనే మా మిత్రుడు గాఢనిద్రలోకి జారుకున్నాడు. “బాగానే ఉన్నాను” అన్న మాటకు ఆ నిద్రే జవాబు. మధ్యాహ్నవేళ శరీరం తనంతట తానే మందగిస్తుంది. పగటి భోజనం దానికి తోడవుతుంది. చల్లగాలి, పాటలు, ముఖాన నీళ్లు నిద్రను పోగొట్టలేవు, కాసేపు దాన్ని కప్పిపెడతాయంతే. టీ, కాఫీల ప్రభావం కనబడటానికి కూడా దాదాపు అరగంట పడుతుంది. అలసిన కంటికి నిద్రే మందు, ఇరవై నిమిషాలైనా సరే. ఇవన్నీ మాకు తెలిసిన సంగతులే. తెలిసి కూడా మౌనంగా కూర్చున్నందుకు సిగ్గుపడ్డాము.

జంగారెడ్డిగూడెం పరిసరాలలోని పొగాకు తోటలు, బారన్లు దాటి కొయ్యలగూడెం చేరేసరికి అస్ర్ వేళయింది. అప్పుడు అమీర్ రెండో నిర్ణయం చెప్పారు: “ఈ రాత్రి మారేడుమిల్లి లేదు. చీకట్లో అడవి దారి వద్దు. ఇక్కడి నుండి పోలవరం వైపు తిరిగి పట్టిసీమలో ఆగుదాం.” మాకది రుచించలేదు. ఐదో మిత్రుడు ఇంట్లో వంట చేయించి ఎదురుచూస్తున్నాడు; ఇచ్చిన మాట ఏం కావాలి? అమీరే అతడికి ఫోన్ చేసి జరిగినదంతా దాచకుండా చెప్పారు. అటునుండి వచ్చిన జవాబు మా అందరికీ వినిపించింది: “మీరు రావడం ముఖ్యం భాయ్, ఈ రోజే రావడం కాదు. పొద్దున నేనే వస్తాను.”

పట్టిసీమ చేరేసరికి సూర్యాస్తమయం. నాసిక్ దగ్గరి త్రయంబకంలో పుట్టిన గోదావరి పాపికొండల ఇరుకు దాటి, ఇక్కడ ఒక్కసారిగా ఒళ్లు విరుచుకున్నట్టు వెడల్పవుతుంది. నది మధ్య దేవకూటాద్రి కొండ, దానిపై వీరేశ్వరస్వామి ఆలయ దీపాలు. శివరాత్రికి ఇక్కడికి వేలాదిగా జనం పడవలపై వస్తారు. ఒడ్డునే ఎత్తిపోతల పథకం ఉంది. 2015లో ప్రారంభమైన ఈ పథకంలోని 24 పంపులు వరద రోజుల్లో గోదావరి నీటిని పోలవరం కుడి కాలువలోకి ఎత్తిపోస్తాయి. ఆ నీరు 170 కిలోమీటర్లకు పైగా ప్రయాణించి విజయవాడ సమీపంలో కృష్ణలో కలుస్తుంది. మేము వెళ్లినప్పుడు నది ప్రశాంతంగా ఉంది. మెత్తని ఇసుకతిన్నెలు తేలి ఉన్నాయి. గుడారాలు అక్కడే వేయాలని మా కోరిక.

రేవులో పడవ కట్టేస్తున్న ఒక పెద్దాయనను అడిగాము: “బాబాయ్, ఇసుకలో పడుకోవచ్చా?”

“వద్దు బాబూ. ఇప్పుడు చూసిన నీరు తెల్లారేసరికి ఇలాగే ఉంటుందని చెప్పలేమండి. పైనుంచి వదిలితే తెలీకుండా ఎక్కేస్తాది. గట్టు మీద వేసుకోండి.”

ఆయన మాటలో నిజముంది. ఎగువన పోలవరం గేట్లున్నాయి. సీలేరు విద్యుత్ కేంద్రాల నుండి వదిలిన నీరు కూడా శబరి మీదుగా కూనవరం వద్ద గోదావరిలో కలిసి ఈ దారినే రావాలి. ఈసారి మాలో ఎవరూ వాదించలేదు. మేము నమాజు చేయాలని తెలిసి, ఆయనే గట్టు మీద శుభ్రమైన చోటు చూపించి, లాంతరు కూడా ఇచ్చి వెళ్లాడు.

మగ్రిబ్ మూడు రకాతులు పూర్తిగా, ఇషా రెండు రకాతులు ఖస్ర్‌గా చదివాము. వంట చేసుకుంటుండగా అమీర్ అన్నారు: “ప్రయాణీకునికి అలసట ఉంటుందని ఎరిగిన అల్లాహ్ నమాజులోనే తగ్గింపు ఇచ్చాడు. ఉపవాసాన్ని తరువాత పాటించుకునే వీలు కల్పించాడు. మనం మాత్రం బండి నడిపేవాడికి అరగంట నిద్ర ఇవ్వడానికి వెనుకాడాము.” ఎవరూ బదులు పలకలేదు. బండి నడిపిన మిత్రుడు అన్నం కలియబెడుతూ తలవంచుకున్నాడు. నిజానికి తలవంచుకోవలసింది అతడొక్కడే కాదు. అతడి చేతుల్లో మా ప్రాణాలు ఎలా అమానతో, అతడి అలసట మా చేతుల్లో అలాగే అమానతు.

తెల్లవారి చూస్తే, ముందురోజు మేము గుడారాలు వేయాలనుకున్న ఇసుక అంచు తడిసి ఉంది. నీరు మూరెడు దూరమే ముందుకు వచ్చింది. పెద్ద ప్రమాదమేమీ జరిగి ఉండేది కాదేమో. అయినా ఆ తడి గీత వంక చాలాసేపు చూస్తూ నిలబడ్డాము. ఎనిమిది గంటలకల్లా ఐదో మిత్రుడు కొవ్వూరు మీదుగా వచ్చి చేరాడు. రాత్రి మాకోసం వండించిన ఖీమాను వేడి చేయించి, రొట్టెలతో సహా తెచ్చాడు. పడవ బాబాయికి కూడా ఒక పొట్లం కట్టించాము.

మూడో రోజు తిరుగు ప్రయాణంలో, సత్తుపల్లి చేరకముందే, మా మిత్రుడు బండిని తనంతట తానే రోడ్డు పక్కకు తీసి ఆపాడు. “భాయ్, నాకు నిద్ర వస్తోంది” అన్నాడు. మేమందరం ఏకకంఠంతో “అల్‌హమ్దులిల్లాహ్” అన్నాము.