పళ్లెం వీపు

మా ఇంట్లో పళ్లెం తిప్పి చూడటం తప్పు. జేజి మాకు నేర్పిన అదబుల్లో అది మొదటిది. దస్తర్‌ఖాన్ మీద పళ్లెం పెట్టగానే పిల్లకాయలం ఎవరమైనా దాని అడుగు చూడబోతే చేతి మీద ఒక దెబ్బ పడేది. "అన్నం పెట్టినోళ్ల మొహం చూడాల్రా, పళ్లెం వీపు చూస్తారా?" అనేది.

అయినా మేం చూసేవాళ్లం. ఈద్‌కీ, బారా షహీద్ దర్గా రొట్టెల పండక్కి చుట్టాలొచ్చినప్పుడూ మాత్రమే అటక మీంచి దించే పెద్ద పళ్లెం ఒకటుండేది. తెల్లటి పింగాణీ మీద నీలం పూలు. అంచున ఒక పెచ్చు ఊడింది. వెనక్కి తిప్పితే నడిమధ్యలో నీలం రంగుతో ఆరు అక్షరాలు, మూడేసి చొప్పున రెండు వరసలు. వాటి చుట్టూ అక్కడక్కడా ఆవగింజంత గరుకు చుక్కలు. జేజి దాన్ని 'చీనీ' అనేది. ఆమె మామగారు రంగూన్‌లో బట్టల కొట్లో గుమాస్తాగా చేసి, 1941 డిసెంబరులో జపాను బాంబులు పడ్డాక గోనెపట్టాలో చుట్టుకుని తెచ్చాడట. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వస్తూ పళ్లెం మొయ్యడమేందని అడిగితే, "అన్నం తినకుండా బతుకుతారా?" అనేది జేజి.

ఇంకోటి తుపాకి. మూతిలోంచి మందు కూరే పాతకాలం తుపాకి. కట్టె పుచ్చిపోయింది. గుర్రం కదలదు. దాన్ని పేల్చడం మా అబ్బా కూడా చూళ్లేదు. వరండా గోడకి రెండు మేకుల మీద పడుకుని ఉండేది. కట్టె మీద ఇత్తడి తీగతో పొదిగిన ఫార్సీ రాత. పేరు సగం అరిగిపోయి 'గులామ్' అన్నంత వరకే చదవడానికొచ్చేది. గుర్రం పక్కన ఇనప రేకు మీద ఒక చిన్న సింహం. వెనక కాళ్ల మీద నిలబడి ముందు కాళ్లతో కిరీటం పట్టుకుని ఉండేది. మేం ఆ సింహాన్ని తాకి బడికి పోయేవాళ్లం. పరీక్షలప్పుడు రెండుసార్లు.

1992 డిసెంబరు 6న బాబ్రీ మసీదు కూల్చేశారు. తర్వాత వారానికి మా ఇంటికి పోలీసులొచ్చారు. ఎవరో చెప్పారట, తురకోళ్లింట్లో తుపాకి ఉందని. ఆ ఎవరో ఏటా ఈద్ రోజు మా ఇంట్లో ఆ నీలం పూల పళ్లెంలోనే సేమ్యా తిన్నోళ్లలో ఒకరయి ఉంటారు. వరండా దాటి లోపలికొస్తేగానీ ఆ తుపాకి కనపడదు మరి. వచ్చిన పెద్దాయన తుపాకిని దించి తిప్పి తిప్పి చూశాడు. రాత దగ్గర ఆగాడు.

"ఇదేం భాష? పాకిస్తాన్‌దా?"

"కాదండీ, ఫార్సీ" అన్నాడు అబ్బా. "అప్పట్లో కచేరీల్లో అదే భాషండీ."

"అదే, ఉర్దూ" అని రాసుకున్నాడాయన. 'ఉర్దూ రాతలు గల పాత తుపాకి ఒకటి జప్తు చేయడమైనది' అని రసీదు ఇచ్చాడు. సింహం గురించి ఒక్క ముక్క రాయలేదు.

అబ్బా రెండేళ్లు తిరిగాడు. ఆ సారు బదిలీ అయ్యాడని ఒకసారి, ఫైలు పైకి పోయిందని ఒకసారి చెప్పారు. 1959 నాటి ఆయుధాల చట్టం 45వ సెక్షన్‌లోనే ఉంది, కాలం చెల్లిన నమూనాదో, పురాతన విలువున్నదో, పాడైపోయిందో అయి పేల్చడానికి పనికిరాని ఆయుధానికి ఆ చట్టం వర్తించదని. ఆ సంగతి మాకు తెలిసేనాటికి అబ్బా తిరగడం మానేశాడు. మేకులు మాత్రం గోడకే ఉన్నాయి. వాటికిప్పుడు గొడుగు తగిలిస్తాం.

మాలో ఒకరం పత్రికలో చేరాక, పని మీద హైదరాబాద్ వెళ్లినప్పుడల్లా అందరం సాలార్‌జంగ్ మ్యూజియంకి వెళ్లడం అలవాటైంది. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ కూడబెట్టిన సామాను అది. 1951లో దివాన్ దేవిడీలో తెరిచి, 1968లో మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనానికి మార్చారు. అక్కడి జపాను పింగాణీ ముందు నిలబడి మా పళ్లెం గుర్తు చేసుకున్నాం. అప్పట్నుంచి పుస్తకాలు వెతికి, తెలిసినోళ్లని అడిగి, జేజి వద్దన్న పనే చేశాం. పళ్లెం వీపు చదవడం నేర్చుకున్నాం.

చదవడానికో పద్ధతుంది. ఆ అక్షరాల్ని పైనుంచి కిందికి చదవాలి. వరసల్ని మాత్రం కుడి నుంచి ఎడమకి చదవాలి. ఉర్దూ చదివే మాకు అది వింతేం కాదు. మా ఆరక్షరాలు ఇట్లా చదివారు: 'మహా మింగ్ వంశం, చెంగ్‌హువా ఏలుబడిలో తయారైంది'. చెంగ్‌హువా చైనా చక్రవర్తి. 1465 నుంచి 1487 దాకా ఏలాడు. జేజి మాటే నిజం, ఇది చీనీయే, అయిదొందల ఏళ్లనాటిది అని సంబరపడ్డాం.

ఆ సంబరం ఎక్కువసేపు నిలవలేదు. ఆ గరుకు చుక్కలున్నాయే, అవి వేరే సంగతి చెప్పాయి. పెద్ద పళ్లేలు ఆవంలో కాలేటప్పుడు నడుం కుంగకుండా అడుగున చిన్న మట్టి ముక్కలు ఆనిస్తారు. కాలాక వాటిని విరిచేస్తే మిగిలే మచ్చలవి. జపాన్‌లోని అరిటా ఊరి పనివాళ్ల అలవాటది, చైనా వాళ్లు అట్లా చెయ్యరు. అంటే పళ్లెం జపాన్‌ది, రాత చైనా చక్రవర్తిది. దొంగ ముద్రా? కాదన్నారు తెలిసినోళ్లు. అది గొప్ప పనికి పెట్టే దండమట. అరిటా వాళ్లు 17వ శతాబ్దం నుంచీ ఆ పేరు రాస్తూనే ఉన్నారు, 19వ శతాబ్దంలోనూ రాశారు. ముద్ర చూసి వయసు చెప్పబోతే మోసపోతాం. ముద్రతో పాటు మట్టి చూడాలి, మెరుపు చూడాలి, అడుగు అంచు చూడాలి, మచ్చలు చూడాలి.

ఇంకా తవ్వితే ఇంకో సంగతి. అరిటాలో పింగాణీ మొదలుపెట్టింది కొరియా కుమ్మర్లు. 1592 నుంచి 1598 దాకా జపాన్ కొరియా మీద దండెత్తినప్పుడు పట్టి తెచ్చిన మనుషులు వాళ్లు. కొరియా చేతులు, జపాన్ మట్టి, చైనా రాజు పేరు. అమ్మింది రంగూన్‌లో, తిన్నది నెల్లూరు కోటమిట్టలో. జపాను బాంబులకి పారిపోతూ మా ముత్తాత మోసుకొచ్చింది జపాను పళ్లేన్నే. ఇప్పుడు చెప్పండి, ఆ పళ్లెం ఎవరిది?

పింగాణీకి మా తీరం కొత్త కూడా కాదు. కాకతి గణపతిదేవుడు మోటుపల్లి రేవులో పరదేశపు ఓడలకి అభయశాసనం వేయించింది 1244లో. 2022 దాకా నెల్లూరు జిల్లాలోనే ఉన్న కోట దగ్గరి కొత్తపట్నం తవ్వకాల్లో చైనా పింగాణీ పెంకులు దొరికాయి. దక్షిణాన పులికాట్‌లో డచ్చివాళ్లు 1613లో కోట కట్టి తుపాకిమందు కార్ఖానా నడిపారు. అరిటా పింగాణీని ఓడలకెత్తిందీ ఆ కంపెనీయే. పళ్లెమూ తుపాకీ మా వరండాలో కలుసుకోడానికి చాలా ముందే ఈ సముద్రం మీద కలుసుకున్నాయి.

తుపాకి లేదు గాబట్టి దాన్ని జ్ఞాపకంలోంచే చదువుకున్నాం. కిరీటం పట్టుకున్న ఆ సింహం ఈస్టిండియా కంపెనీది. 19వ శతాబ్దం మొదట్నుంచి కంపెనీ తుపాకుల మీద వేసిన గుర్తు. అంతకుముందు నాలుగు గళ్లు కొట్టిన గుండె ఆకారం వేసేవాళ్లు. తుపాకి మీద చేసినవాడి గుర్తు వేరు, గొట్టం పగలదని పరీక్షించినవాడి గుర్తు వేరు, కొన్నవాడి పేరు వేరు. ఎవరికి వాళ్లు తమ ముద్ర కొట్టి పోతారు. మా తుపాకి పుట్టుక ఇంగ్లండు, అధికారం కంపెనీది. ఏ సిపాయి ద్వారానో చేతులు మారాక ఎవరో గులామ్ తన పేరు పొదిగించుకున్నాడు. ఆ పేరు రాసిన ఫార్సీ 1837 దాకా కంపెనీ కచేరీల భాషే. ఆ పోలీసాయన చదివింది ఈ ముద్రల్లో ఆఖరి దాన్నొక్కదాన్నే. అదీ తప్పు చదివాడు.

రసీదు చదివితే ఇంకా నవ్వొస్తుంది. 'తుపాకి' తుర్కీ నుంచి వచ్చిన మాట. 'జప్తు' అరబ్బీ. 'తారీఖు' అరబ్బీ. 'రసీదు' ఫార్సీ. ఆయన సగం మా భాషలోనే రాసిచ్చాడు. మాట వీపు తిప్పి ఎవరూ చూడరు గాబట్టి అది తెలుగుగా చెల్లిపోయింది. చెల్లాలి కూడా. మూడొందల ఏళ్లు నోళ్లలో నానిన మాట తెలుగు కాకపోతే ఇంకేమవుతుంది? మేం అడుగుతున్నదీ అంతే కదా.

మా వీపు తిప్పి చూడటం 1992లో మొదలవలేదు. 1839లో నెల్లూరు కలెక్టరు స్టోన్‌హౌస్ ఊళ్లో తిరిగే ఫకీర్ల మీద, మౌల్వీల మీద నిఘా పెట్టి వహాబీ కుట్ర బయటపడిందన్నాడు. ఆ గాలి హైదరాబాద్‌లో నిజాం తమ్ముడు ముబారిజుద్దౌలా దాకా పోయింది. ఆయన్ని గోల్కొండలో ఖైదు చేస్తే అక్కడే పోయాడు. మా జిల్లా ఉదయగిరి జాగీర్దారు అబ్బాస్ అలీఖాన్ మీద కుట్రదారని తీర్పు చెప్పి, జాగీరు లాక్కుని, చెంగల్పట్టు పంపించారు. కర్నూలు నవాబు గులామ్ రసూల్ ఖాన్ కోటలో ఫిరంగులు దొరికాయని ఆయన్ని దించి తిరుచిరాపల్లి పంపితే, 1840లో అక్కడే హత్యకు గురయ్యాడు. వాళ్లలో తిరగబడదామనుకున్నోళ్లు లేరని మేం అనం. ఉన్నందుకు గర్వమే. కంపెనీ మీద కత్తి ఎత్తినోళ్లని ఇంకోచోట స్వాతంత్ర్య వీరులంటారు. మా వాళ్లకి ఆ ముద్ర పడలేదు. స్టోన్‌హౌస్ పేరు మాత్రం ఒక పేటకి మిగిలింది. నెల్లూరోళ్లం అందరం రోజుకి పదిసార్లు ఆ పేరు పలుకుతాం.

అదే ఉదయగిరిలో ఈనాటికీ ముస్లిం కుటుంబాలు కొయ్య చెంచాలు, గరిటెలు చెక్కుతున్నాయి. నున్నటి చెంచా తిప్పి చూస్తే చెక్కినవాడి పేరు ఉండదు. అరిటా పళ్లెం మీద కొరియా కుమ్మరి పేరూ లేదు. ముద్ర ఎప్పుడూ రాజుదో, కంపెనీదో, దేశానిదో. చెయ్యి పెట్టిన మనిషిది కాదు.

ఓడినోళ్ల ముద్రల సంగతి కూడా జపాన్ సామాన్లలోనే నేర్చుకున్నాం. ఆ దేశపు సైన్యం తుపాకుల మీద పదహారు రేకుల చామంతి ఉంటుంది, చక్రవర్తి గుర్తు. 1945లో లొంగిపోయాక శత్రువు చేతికిచ్చిన చాలా తుపాకుల మీద ఆ పువ్వుని అరగదీశారు. ఆ తర్వాత కొన్నేళ్లు, 1952 దాకా, ఎగుమతయ్యే ఎన్నో కప్పుల అడుగున 'ఆక్రమిత జపాన్‌లో తయారైంది' అని ఇంగ్లీషులో అచ్చు వేశారు. టీ తాగే ప్రతివాడూ కప్పు తిప్పితే ఆ దేశం ఓడిపోయిందని తెలియాలి. ఇష్టమైన గుర్తు చెరిపెయ్యడం, ఇష్టం లేని గుర్తు కొట్టడం. రెండూ ఒకే చేతి పని.

ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' వచ్చింది 1991లో. మా ఇంటికి పోలీసులొచ్చిననాటికి మేం దాన్ని చదవలేదు. పెద్దయ్యాక చదివి, మా గోడ మీది రెండు మేకులకి ఒక పేరు దొరికినట్టనుకున్నాం.

2019 డిసెంబరులో పౌరసత్వ సవరణ చట్టం వచ్చినప్పుడు మా వీధిలో ఇంటింటా ట్రంకు పెట్టెలు తెరుచుకున్నాయి. ఎవరు అడుగుతారో, ఏం అడుగుతారో తెలీదు. భయం మాత్రం తెలుసు. రేషన్ కార్డులో అబ్బా పేరు ఒక రకంగా, ఓటరు జాబితాలో ఇంకో రకంగా, కరెంటు బిల్లులో మూడో రకంగా ఉంది. ఖ కింద వత్తు ఒకచోట ఉంది, ఇంకోచోట లేదు. దాదా పేరు ఒకచోట అసలు లేదు. అమ్మీ కాగితాలన్నీ చాప మీద పరిచింది. అందులో అబ్బా పేరు, దాదా పేరు, వీధి, ఇంటి నంబరు, తారీఖు అన్నీ తప్పుల్లేకుండా, ముద్రతో సహా ఉన్న కాగితం ఒక్కటే తేలింది. తుపాకి జప్తు రసీదు.

అబ్బా దాన్ని చాలాసేపు చూశాడు. "మంచి దస్తూరీ" అన్నాడు. అమ్మీ దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి అన్నిటికన్నా పైన ఉంచింది. మేం ఈ ఊరోళ్లమని చెప్పే గట్టి సాక్ష్యం, మమ్మల్ని పరాయోళ్లుగా చూసిన రోజు ఇచ్చిన కాగితం.

జేజి పోయి చాలా ఏళ్లయింది. పళ్లెం మా చెల్లెలింట్లో ఉంది. మొన్న ఈద్‌కి దాన్నే దించింది. చుట్టుపక్కలోళ్లూ, ఆఫీసోళ్లూ వచ్చి సేమ్యా తిన్నారు. వాళ్లలో ఒకాయన పళ్లెం బాగుందని కొంచెం ఎత్తి అడుగు చూడబోయాడు. మా చెల్లెలి కూతురు, ఎనిమిదేళ్ల పిల్ల, చటుక్కున ఆయన చెయ్యి పట్టుకుంది.

"ముందు తినండి అంకుల్" అంది.