టీచరు పక్కన ఇంకో టీచరు

పిల్లలూ, మీ బడిలో ఎప్పుడైనా ఇలా జరిగిందా? సెప్టెంబరులో ఒకరోజు మీరు తరగతిలోకి వెళ్ళేసరికి మీ టీచరు పక్కన ఇంకొకరు ఉంటారు. చూస్తే కాలేజీలో చదువుకునేవాళ్ళలా ఉంటారు. మొదటి వారం వెనక కుర్చీలో కూర్చుని నోటుబుక్కులో ఏదో రాసుకుంటారు. తరవాత మీ బల్ల దగ్గరికి వచ్చి లెక్కలు చేయిస్తారు. ఇంకొన్ని వారాలు గడిచాక ఏకంగా పాఠమే చెప్పేస్తారు! క్రిస్మస్ సెలవులు వచ్చేసరికి అందరికీ టాటా చెప్పి వెళ్ళిపోతారు.

వాళ్ళని స్టూడెంట్ టీచర్ అంటారు. అంటే, తాము చదువుకుంటూనే చదువు చెప్పడం నేర్చుకునేవాళ్ళన్నమాట. డాక్టరు చదువు చదివేవాళ్ళు ఆసుపత్రిలో హౌస్ సర్జన్‌గా పనిచేస్తారు కదా, ఇదీ అలాంటిదే. ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో బి.ఇడి. చదివేవాళ్ళు కూడా ఇలాగే బడులకు వెళ్తారు. మా అత్తయ్య గుంటూరులో బి.ఇడి. చదివేటప్పుడు రాత్రిళ్ళు కూర్చుని లెసన్ ప్లాన్ రికార్డులు రాసేదట, అట్టల మీద చార్టులు గీసేదట. వాటికి రంగులు వేసింది మా నాన్న!

ఈ పద్ధతి వెనక ఒక దూరపు చుట్టరికం కూడా ఉంది. పూర్వం మన ఊళ్ళలో వీధిబడులు ఉండేవి. పిల్లలు అరుగు మీద కూర్చుని ఇసుకలో అక్షరాలు దిద్దేవారు. 1790ల్లో మద్రాసులో ఆండ్రూ బెల్ అనే స్కాట్లాండ్ ఆయన ఒక అనాథ బాలుర బడి నడిపేవాడు. అక్కడి వీధిబడిలో ఇసుక మీద రాయడం చూసి ఆయన దాన్ని తన బడిలో పెట్టాడు. పెద్దపిల్లలచేత చిన్నపిల్లలకు పాఠాలు చెప్పించాడు. 1797లో దాని గురించి ఒక పుస్తకం కూడా వేశాడు. ఇంచుమించు ఆ రోజుల్లోనే లండన్‌లో జోసెఫ్ లాంకాస్టర్ అనే ఆయన ఇలాంటి బడే పెట్టాడు. 1806లో న్యూయార్క్‌లో పేదపిల్లల కోసం తెరిచిన ఉచిత బడి లాంకాస్టర్ పద్ధతిలోనే నడిచింది. చూశారా, న్యూయార్క్ బడికీ మద్రాసు వీధి అరుగుకీ ఎక్కడో ఒక దారం ఉంది!

ఇక నా సంగతి చెప్తాను. నేను న్యూజెర్సీలో పుట్టాను. మీలాగే ఆదివారం ఆదివారం తెలుగు బడికి వెళ్ళి అ, ఆలు దిద్దుకున్నాను. టీచరు కావాలని చదువుతున్నప్పుడు నన్ను న్యూయార్క్ నగరంలో క్వీన్స్ అనే చోట నాలుగో తరగతికి పంపారు. న్యూయార్క్‌లో ప్రభుత్వ బడులలో చదివే పిల్లలు సుమారు 9 లక్షల మంది. అమెరికాలో ఇంత పెద్ద బడుల వ్యవస్థ ఇంకో ఊళ్ళో లేదు.

మా బడి 7 నంబరు రైలు దారికి దగ్గర. ఆ రైలు నేల కింద కాదు, రూజ్‌వెల్ట్ అవెన్యూ నెత్తి మీద, ఇనుప స్తంభాల పైన పోతుంది. దాని కింద నడుస్తుంటే ఒక వీధిలో చీరల కొట్లు, పక్క వీధిలో నేపాలీ మోమోలు, ఆ పక్కన కొలంబియా వాళ్ళ మొక్కజొన్న రొట్టెలు. మా తరగతిలో 26 మంది పిల్లలు. ఇళ్ళల్లో స్పానిష్, బెంగాలీ, నేపాలీ, టిబెటన్, ఉర్దూ, పంజాబీ, చైనీస్ మాట్లాడేవాళ్ళు. తెలుగు మాట్లాడేవాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు. అయినా అక్కడ నా తెలుగు నాకు భలే పనికొచ్చింది. ఎలాగో చూడండి.

ఒక కామా కథ

నాలుగో తరగతిలో పది లక్షల దాకా, అంటే మిలియన్ దాకా, అంకెలు రాయడం నేర్పిస్తారు. ఒకరోజు నేను ఒక సంఖ్యను ఇంగ్లీషు మాటల్లో చెప్పి అంకెల్లో రాయమన్నాను. చాలామంది 125,000 అని రాశారు. ఆ వేసవిలోనే బంగ్లాదేశ్ నుంచి వచ్చిన ఒక అబ్బాయి 1,25,000 అని రాశాడు. కొలంబియా నుంచి వచ్చిన ఒక అమ్మాయి 125.000 అని చుక్క పెట్టింది.

పక్కన కూర్చున్నవాడు, "నీ కామా తప్పు చోట ఉంది" అన్నాడు. ఆ అబ్బాయి గబుక్కున తన కాగితాన్ని చేత్తో మూసేశాడు. బడికి వచ్చి నెల దాటినా వాడు తరగతిలో నోరు విప్పి మాట్లాడింది లేదు.

నాకు మాత్రం ఆ కామా చూడగానే మా ఇల్లు గుర్తొచ్చింది. మా నాన్న ఎప్పుడూ "వందా ఇరవై అయిదు వేలు" అనడు. "లక్షా పాతికవేలు" అంటాడు. మన లెక్కలో వేలు దాటాక ప్రతి రెండు అంకెలకీ ఒక కామా: వేలు, లక్షలు, కోట్లు. కాబట్టి లక్షను 1,00,000 అని రాస్తాం. కొలంబియాలోనేమో వేలను విడదీయడానికి చుక్క పెడతారు, దశాంశానికి కామా పెడతారు. ముగ్గురూ రాసింది ఒకే సంఖ్య!

నేను ఆ మూడింటినీ బోర్డు మీద పక్కపక్కనే రాసి, "వీటిలో ఏది పెద్దది?" అని అడిగాను. అందరూ ఆలోచనలో పడ్డారు. చివరికి వెనక నుంచి ఒక పిల్ల, "మూడూ ఒకటే!" అని అరిచింది. అప్పుడు ఆ అబ్బాయిని బోర్డు దగ్గరికి రమ్మన్నాను. వాడు వచ్చి, బెంగాలీలో 'లాఖ్' అంటే ఏమిటో చూపించాడు. నేపాలీ పిల్లవాడు లేచి, "మాకూ ఆ మాటే ఉంది!" అన్నాడు. ఉర్దూ మాట్లాడే అమ్మాయి కూడా లేచింది. నేను మన 'లక్ష' చెప్పాను. అందరివీ దగ్గరదగ్గర మాటలే అని తెలిసి పిల్లలు తెగ సంబరపడ్డారు.

తరవాత ఒక్క మాట చెప్పాను: "ఇక్కడ పరీక్షలో అమెరికా పద్ధతిలోనే రాయండి. చదివేవాళ్ళందరికీ ఒకేలా తెలియాలి కదా. కానీ ఇంట్లో మీ నాన్నగారు రాసేది తప్పు కాదు." ఆ అబ్బాయి తన కాగితం మీద నుంచి చెయ్యి తీశాడు.

మూడు అంకెలు లెక్కపెట్టడం

మా పెద్ద టీచరు గారు నాకు నేర్పిన మొదటి విద్య ఏమిటో తెలుసా? ఊరుకోవడం! ప్రశ్న అడిగాక కాసేపు నోరు మూసుకుని ఉండాలట.

మేరీ బడ్ రో అనే అమెరికా విద్యావేత్త చాలా తరగతులను గమనించి ఒక సంగతి కనిపెట్టారు. టీచర్లు ప్రశ్న అడిగాక సుమారు ఒక్క సెకను మాత్రమే ఆగుతారట. జవాబు రాకపోతే ఇంకొకరిని అడిగేస్తారు, లేదా తామే చెప్పేస్తారు. అదే 3 సెకన్లు ఆగితే ఎక్కువమంది పిల్లలు చెయ్యెత్తుతారు, జవాబులూ పెద్దవిగా వస్తాయి.

3 సెకన్లే కదా అనుకోకండి. 26 మంది మీ వంక చూస్తుంటే అది మూడు గంటల్లా ఉంటుంది! నేను మనసులో "ఒకటి... రెండు... మూడు..." అని తెలుగులోనే లెక్కపెట్టుకునేదాన్ని.

ఒక భాషలో ఆలోచించి ఇంకో భాషలో చెప్పేవాళ్ళకి ఆ కాసింత సమయం ప్రాణం లాంటిది. ఇది మీకూ తెలుసు. ఫోనులో అమ్మమ్మ "ఏం చేస్తున్నావు నాన్నా?" అని అడుగుతుంది. మీకు చెప్పాలని ఉంటుంది, మాట దొరకదు. ఈలోగా అమ్మ పక్క నుంచి జవాబు చెప్పేస్తుంది. మీకు తెలియక కాదు, మీకు ఇంకో రెండు సెకన్లు కావాలి. అంతే! ఈసారి అమ్మతో, "ఆగమ్మా, నేనే చెప్తాను" అనండి.

దుబాసి

ఇప్పుడు చెప్పబోయేది కొంచెం బరువైన సంగతి. ఆ పిల్ల ఎవరో తెలియకుండా కొన్ని వివరాలు మార్చి చెప్తున్నాను.

నవంబరులో తల్లిదండ్రులు బడికి వచ్చి టీచరుతో మాట్లాడే సాయంత్రం ఒకటి ఉంటుంది. మా తరగతిలో ఒక నేపాలీ అమ్మాయి చాలా తెలివైనది. కానీ ఇంటిపని ఎప్పుడూ చేసుకురాదు. ఆ సాయంత్రం వాళ్ళమ్మ గోళ్ళకు రంగులు వేసే సెలూన్‌లో పని ముగించుకుని నేరుగా వచ్చింది. ఆవిడకు ఇంగ్లీషు అంతగా రాదు. అమ్మాయి పక్కన నిలబడి, "నేను మా అమ్మకు చెప్తాను" అంది.

ఆలోచించండి. "మీ అమ్మాయి ఇంటిపని చేయడం లేదు" అనే మాటను ఆ అమ్మాయే వాళ్ళమ్మకు చెప్పాలి! మా పెద్ద టీచరు గారు నవ్వుతూ, "వద్దమ్మా, నువ్వు హాయిగా కూర్చో" అని ఫోను తీశారు. చదువు గురించి, నడవడిక గురించి తల్లిదండ్రులతో మాట్లాడేటప్పుడు పిల్లలచేత అనువాదం చేయించకూడదని న్యూయార్క్ నగర బడుల నియమం. ఫోనులో నేపాలీ వచ్చిన మనిషి దొరుకుతారు.

ఆ గొంతు వినపడగానే వాళ్ళమ్మ మాట్లాడడం మొదలుపెట్టింది. ఆపకుండా మాట్లాడింది. వాళ్ళు ఇంకో కుటుంబంతో కలిసి ఒకే గదిలో ఉంటున్నారు. ఆ కుటుంబంలో ఒకాయన తెల్లవారుజామున 3 గంటలకు లేచి టాక్సీ నడపడానికి వెళ్ళాలి. అందుకని రాత్రి 8 గంటలకే దీపం ఆర్పేస్తారు. అమ్మాయి కొన్నిసార్లు స్నానాలగదిలో దీపం వేసుకుని రాస్తుందట. ఎవరైనా తలుపు కొడితే లేచి వచ్చేయాలి.

అమ్మాయి తల వంచుకుని తన బూట్ల వంకే చూస్తోంది. ఈ మాటలు తనంతట తను మాకు ఎప్పటికీ చెప్పేది కాదు. ఏ పిల్ల మాత్రం చెప్పగలదు?

మరునాటి నుంచి మధ్యాహ్న భోజనం అయ్యాక అరగంట నా బల్ల దగ్గరే ఇంటిపని చేసుకునేది. ఎందుకని తోటిపిల్లలు అడిగితే, "నాకు బోర్డు తుడవడంలో సాయం చేస్తోంది" అనేదాన్ని. నిజంగా తుడిచేది కూడా! డిసెంబరుకల్లా తన పుస్తకం నిండింది.

మన భాషలో ఒక పాత మాట ఉంది: దుబాసి. సంస్కృతంలో 'ద్విభాషి' అంటే రెండు భాషలు తెలిసినవాడు. అదే వాడుకలో దుబాసి అయింది. ఒక భాషలో విన్నదాన్ని ఇంకో భాషలో చెప్పేవాళ్ళే దుబాసీలు. మీలో చాలామంది తాతయ్యకూ బామ్మకూ దుబాసీలే కదా! కొట్లో, విమానంలో, పక్కింటివాళ్ళతో. అది మంచి సాయం, చేయండి. కానీ డాక్టరు పెద్ద జబ్బు గురించి చెప్పేటప్పుడో, బడిలో మీ గురించే మాట్లాడేటప్పుడో ఆ బరువు మీరు మోయనక్కర్లేదు. "దయచేసి ఇంటర్‌ప్రెటర్‌ని పిలవండి" అని అడగవచ్చు. అలా అడగడం పెద్దల మీద ప్రేమ లేకపోవడం కాదు.

ఈ హక్కు ఎక్కడిది?

ఇవన్నీ ఊరికే రాలేదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇంగ్లీషు రాని చైనీస్ పిల్లలను అందరితోపాటు తరగతిలో కూర్చోబెట్టి వదిలేశారని వాళ్ళ కుటుంబాలు కోర్టుకు వెళ్ళాయి. 1974లో అమెరికా సుప్రీంకోర్టు 'లావ్ వర్సెస్ నికొల్స్' అనే ఆ కేసులో తీర్పు చెప్పింది. అందరికీ ఒకే పుస్తకం, ఒకే టీచరు ఇస్తే సరిపోదు, అర్థంకాని పిల్లలకు అది సమానమైన చదువు కాదు అని దాని సారాంశం. అదే ఏడాది న్యూయార్క్‌లో ప్యూర్టోరికో పిల్లల కోసం అస్పీరా అనే సంస్థ వేసిన కేసులో కూడా ఒప్పందం కుదిరింది. వాళ్ళ భాషలో కూడా పాఠం చెప్పడానికి బడులు ఒప్పుకున్నాయి. మీ బడిలో కొత్తగా వచ్చిన పిల్లలకు ఇంగ్లీషు నేర్పే టీచరు ఉన్నారంటే, అప్పటి ఆ అమ్మానాన్నల పట్టుదల కూడా అందుకు ఒక కారణం.

న్యూయార్క్‌లో పిల్లల్ని బడిలో చేర్చేటప్పుడు ఒక కాగితం ఇస్తారు. ఇంట్లో ఏ భాష మాట్లాడతారు అని అందులో అడుగుతారు. కొంతమంది తల్లిదండ్రులు ఆ ప్రశ్న చూసి జంకుతారు. వేరే భాష పేరు రాస్తే మా పిల్లల్ని వెనక్కి నెడతారేమో అని 'ఇంగ్లీషు' అని మాత్రమే రాసి ఊరుకుంటారు. వాళ్ళ భయం నాకు అర్థమవుతుంది. కానీ ఆ కాగితంలో రాయకపోతే, ఆ కామా ఎందుకు అక్కడ పడిందో టీచరుకు ఎలా తెలుస్తుంది?

ఆ ప్రశ్న ఏదో ఒకరోజు ఎవరో ఒకరు మిమ్మల్నీ అడుగుతారు. "మీ ఇంట్లో ఏ భాష మాట్లాడతారు?" అని. మీకు తెలుగు కొంచెమే వచ్చినా సరే, మూడు అంకెలు లెక్కపెట్టుకుని అయినా సరే, గట్టిగా చెప్పండి: "తెలుగు."

ఆలోచించండి – చేయండి

1. 4,50,000 అనే సంఖ్యను తెలుగు మాటల్లో రాయండి. అదే సంఖ్యను అమెరికా పద్ధతిలో కామా పెట్టి అంకెల్లో రాయండి.
2. 'దుబాసి' అనే మాట ఎలా వచ్చింది? మీరు ఎవరికి, ఎప్పుడు దుబాసిగా ఉన్నారో ఐదు వాక్యాలలో రాయండి.
3. ఆ అబ్బాయి తన కాగితాన్ని చేత్తో ఎందుకు మూసేశాడు? తరవాత చెయ్యి ఎందుకు తీశాడు?
4. మీ ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి తెలుసుకోండి: వాళ్ళ చిన్నప్పుడు బడిలో టీచర్లను ఏమని పిలిచేవారు? మాస్టారు, పంతులమ్మ, సారు, అయ్యవారు – ఇంకా ఏమేమి ఉన్నాయి?